లింగంపల్లి సైడింగులో పన్నెండు నిమిషాలు

కరోనా తగ్గి ఆఫీసులు మళ్ళీ తెరుచుకున్న ఏడాది, ఎండలు ముదురుతున్న రోజుల్లో, నన్ను లింగంపల్లి అవతల ఉన్న ఒక ప్రైవేటు రైల్వే సైడింగు పరిశీలనకు పంపారు. అప్పటికి నేను మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో సీనియర్ ప్రాసెస్ అనలిస్టుని. పేరు ఘనంగా ఉంటుంది గానీ పని ఒక్కటే: ఎదుటివాడు చేసే పనిని గడియారం పెట్టి కొలిచి, అందులో ఏది దండగో చెప్పడం. నా పనిని మాత్రం ఎవరూ కొలవలేదు. కొలిచి ఉంటే రిటైరయ్యేదాకా ఉండనిచ్చేవారు కాదు.

సైడింగు అంటే రైల్వేవారి పెద్ద లైను నుంచి విడిపోయి ఏదో ఒక గోడౌను దాకా పోయే సొంత పట్టాలు. ఇక్కడ వాటి పొడవు మూడు కిలోమీటర్లకు మించదు. రైల్వేవాళ్ళు సిమెంటు వ్యాగన్లు తెచ్చి సైడింగు మొదట్లో వదిలేసి వెళ్తారు. అక్కణ్ణించి ఓ ముసలి డీజిల్ ఇంజను వాటిని విడతలుగా గోడౌనుకు లాక్కొస్తుంది. ఈ మొత్తం రైల్వేకి సిబ్బంది ఇద్దరు. డ్రైవరు ఓబులేసు రైల్వేలో రిటైరై ఇక్కడ చేరిన అనంతపురం మనిషి. పాయింట్స్‌మన్ యాదయ్యది ఆ పక్క ఊరే. పట్టాలు చీలేచోట బండి ఎటు పోవాలో అటు మీట తిప్పి తాళం వెయ్యడం, వ్యాగన్లు తగిలించడం, విప్పడం, రోడ్డు అడ్డం వచ్చేచోట గేటు వేసి జెండా పట్టుకుని ఇంజను ముందు నడవడం, ఇవన్నీ పాయింట్స్‌మన్ పనులు.

అద్దాల మేడల వెనకాల ఇంకా ఇలాంటి రైలొకటి నడుస్తోందని నాకు తెలీదు. మొదటిరోజు నోరు తెరుచుకుని చూశాను. రెండోరోజు నుంచి నోరు మూసుకుని రాశాను.

గోడౌను కంపెనీవాళ్ళు అడిగిన ప్రశ్న సూటిగానే ఉంది. గేటుకి యంత్రం పెట్టేసి పాయింట్స్‌మన్ పోస్టు తీసేయొచ్చా? మిగతా పనులు గోడౌను హమాలీలకు నేర్పించుకుంటామన్నారు. ఈ సంగతి యాదయ్యకి నాకంటే ముందే తెలుసు. నాకు చాయ్ తెచ్చిచ్చి, "యాభై ఆరు నడుస్తున్నది సార్. ఈ నౌకరి వోతే నాకు ఇగ ఎవడిస్తడు? ఏదన్న అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్ పనే," అన్నాడు. అదేం లేదయ్యా, ఊరికే చూసి పోదామని వచ్చానన్నాను. చాయ్ మాత్రం తాగాను.

హఫీజ్‌పేట్ నుంచి స్కూటర్ మీద వెళ్ళేవాణ్ణి. దాన్ని గేటు పక్కనున్న వేపచెట్టు నీడలో పెట్టి లోపలికి నడిచేవాణ్ణి. గోడౌను ప్లాట్‌ఫారం మీద, ఫ్యాను కింద, నాకో కుర్చీ వేశారు. పదకొండు గంటల ప్రాంతంలో ఇంజను మొదటి విడత వ్యాగన్లతో బయల్దేరేది. గేటు దగ్గరికి రాగానే ఆగిపోయేది. ఒకరోజు పదకొండు నిమిషాలు, ఒకరోజు పద్నాలుగు. సగటున పన్నెండు. గేటు మలుపు అవతల ఉంది; ఇంజను ఆగడం చప్పుడును బట్టి తెలిసేది గానీ అక్కడ ఏం జరుగుతోందో కుర్చీలోంచి కనబడదు. లేచి వెళ్ళి చూడొచ్చు, మూడు వందల అడుగులు లేదు. కానీ ఎండ.

యాదయ్యనే అడిగాను. "గేటు కాడ జర సూసుకోవాలె సార్," అని తల దించుకున్నాడు. తల దించుకున్నవాడు తప్పు చేసినవాడేనని తీర్మానించేశాను. నా అనుభవం అలాంటిది మరి. రిపోర్టులో ఇలా రాశాను: "రోజూ పన్నెండు నిమిషాల అకారణ ఆలస్యం. బాధ్యత పాయింట్స్‌మన్‌ది. పోస్టు తొలగించవచ్చు." రంగుల పటం కూడా వేశాను. ఆ పన్నెండు నిమిషాలకు ఎర్రరంగు. గురువారం సాయంత్రం మెయిల్ పంపేశాను. శుక్రవారం మధ్యాహ్నం మీటింగు.

శుక్రవారం పొద్దున స్కూటర్ పంక్చరైంది. నాలుగు ఫోటోలు తీసుకుందామని ఆటోలో సైడింగుకి వెళ్ళాను. ఆరోజు ఇంజను గేటు దగ్గర ఆగనే లేదు. జెండాతో యాదయ్య ముందు నడుస్తుంటే, వెనక ఇంజను నిదానంగా తిన్నగా వచ్చేసింది. నా రిపోర్టు సంగతి పొక్కింది, భయంతో పని నేర్చుకున్నారు అనుకున్నాను. సిగ్గు లేకుండా ఆ ముక్క ఓబులేసుతో అన్నాను కూడా.

ఆయన ఇంజను మీంచే నన్ను ఒకసారి ఎగాదిగా చూశాడు. "ఈపొద్దు మీ స్కూటర్ రాలేదు కదా సార్, అందుకే ఆగలేదు," అన్నాడు.

గేటు దగ్గరికి తీసుకెళ్ళి చూపించాడు. అక్కడ పట్టాలు రోడ్డులో కూరుకుపోయి ఉన్నాయి. వాటి పక్కన సున్నం కొట్టిన రాళ్ళు వరసగా ఉన్నాయి. ఆ రాళ్ళు దాటి లోపల ఏది ఉన్నా వ్యాగను తగులుతుందని హద్దు. పాతికేళ్ళు ఐటీ ఆఫీసుల్లో తెల్లగీత కనబడితే బండి దాని లోపల పెట్టడం అలవాటైనవాణ్ణి, నేను రోజూ చక్కగా రాళ్ళ లోపలే పెట్టాను. హ్యాండిల్ లాక్ కూడా వేశాను. ఒక్కడు లేపలేడు గనక యాదయ్య పక్కనున్న చాయ్ బండి ఆయన్ని బతిమాలేవాడట. ఆయన గిరాకీ చూసుకుని వచ్చేసరికి పది నిమిషాలు. ఇద్దరూ స్కూటర్ని ఎత్తి పక్కన పెట్టేవారు. వ్యాగన్లన్నీ దాటాక మళ్ళీ ఎత్తి, ఎండలో ఉంటే సారు సీటు కాలుతుందని, నీడలోకి చేర్చేవారు. సాయంత్రం సీటు చల్లగా ఉందని నేను రోజూ మురిసిపోయాను.

మీటింగుకి ఇంకా మూడు గంటలుంది. దారంతా తప్పించుకునే మాటలే వెతుక్కున్నాను. హైటెక్ సిటీలో ఎనిమిదో అంతస్తు. గోడౌను కంపెనీ తరఫున శైలజగారు కూర్చున్నారు, నెమ్మదిగా మాట్లాడే గుంటూరావిడ. ఎర్రరంగు పటం తెర మీదికి రాగానే, ఇందులో చిన్న సవరణ ఉంది, ఆ ఆలస్యానికి కారణం బయటి అడ్డంకి అన్నాను. ఏం అడ్డంకండి అన్నారావిడ. ద్విచక్ర వాహనం అన్నాను. ఎవరిదండి అన్నారు. అక్కడ నాకు ఇంగ్లీషూ తెలుగూ రెండూ అయిపోయాయి. నాదేనండి అన్నాను.

అంతా చెప్పాను. శైలజగారు, "అయితే మీ రిపోర్టు ప్రకారం ముందే ఆ పోస్టు తీసేసుంటే, మీ స్కూటర్ ఏమయ్యేదండి?" అన్నారు. మా మేనేజరు తప్ప అందరూ నవ్వారు. పోస్టు ఉంచాలని అక్కడే రాసుకున్నారు. రిపోర్టు వెనక్కి తీసుకున్నాను. ఆ ఏడాది నా పనితీరు గురించి మేనేజరు రాసింది ఇక్కడ చెప్పను.

శనివారం యాదయ్య దగ్గరికి వెళ్ళి, రాసిన మాటా దిద్దిన మాటా రెండూ చెప్పాను. ఒక్క మాట అంటే బండి పక్కన పెట్టుకునేవాణ్ణి కదయ్యా అన్నాను.

"మీరు గడియారం వట్టుకొని కూసున్నరు సార్. బండి తియ్యిమంటె మీకు కోపమొచ్చి నా నౌకరి వోతదేమోనని భయపడ్డ," అన్నాడు. "తియ్యిమనకున్నా నౌకరి వోవుడే ఉండె," అని కూడా అన్నాడు.

ఆ తర్వాత రిటైరయ్యేలోగా ఇంకో నాలుగైదు చోట్ల ఇదే పని చేశాను. ప్రతిచోటా ఒక రోజు కావాలనే వెళ్ళకుండా, ఆరోజు సమయాలు అక్కడివాళ్ళనే రాసిపెట్టమన్నాను. దాదాపు అన్నిచోట్లా నేను లేని రోజే పని బాగా జరిగింది. ఆ సంగతి రిపోర్టు మొదటి పేజీలో రాశాను.