ఎనిమిదో క్లిక్కు

ఆసుపత్రిలో మానసిక పరీక్ష గది బయట కూర్చునే ఆయమ్మకి అప్పజెప్పిన పని చిన్నదే. వచ్చినవాళ్ళని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి తలుపు దగ్గరగా వేయాలి. ఆ తర్వాత దూది ఉండలు చుడుతూ లోపలి మౌస్ చప్పుళ్ళు లెక్కపెట్టడం మాత్రం ఆవిడ సొంత అలవాటు. ఒక్కో జవాబు చూసుకుని తర్వాతి ప్రశ్న ఎంచుకునే పరీక్ష అది, సంగతి తేలగానే ఆగిపోతుంది. కులాసాగా ఉన్నవాళ్ళని ముప్పై పైచిలుకు ప్రశ్నల దాకా తిప్పుతుంది. దిగుల్లో పీకల్లోతు మునిగినవాళ్ళ దగ్గర ఏడెనిమిదికే ఆగడం పదకొండేళ్ళుగా ఆవిడ చూస్తూనే ఉంది. ఇవాళ లోపలున్న లారీ డ్రైవరు పోయిన నెల ముప్పై నాలుగు నొక్కి నవ్వుతూ వెళ్ళినవాడే. ఈసారి ఎనిమిదో క్లిక్కు తర్వాత చప్పుడు లేదు. ఆయమ్మ వేళ్ళ మధ్య దూది అలాగే ఉండిపోయింది.

అతను బయటికి రాగానే భార్య సంచి భుజానికి తగిలించుకుంది. "అప్పుడే అయిపోయిందా? నీకేం లేదంటే వినవు కదా. పద, పిల్లలు బడి నుంచి వచ్చేస్తారు."

ఆయమ్మ తన కుర్చీని గుమ్మానికి అడ్డంగా జరిపింది. "డాక్టరుగారు చూడాలి తల్లీ, కాసేపు కూర్చోండి" అంది మామూలు గొంతుతోనే.

"పోయినసారి ఇంటికి పొమ్మన్నారుగా?"

"పోయినసారి అన్నీ అబద్ధాలే నొక్కాను" అన్నాడతను. ఎవరూ అడక్కుండానే జేబులోంచి లారీ తాళంచెవి తీసి ఆయమ్మ చేతిలో పెట్టాడు.