పాలమూరు దారికి ఒక తేలిక కెమెరా

మా ఆయన దగ్గరున్న మొదటి కెమెరాను ఎడ్లబండి మీద తప్ప ఇంకో విధంగా తీసుకుపోవడం కుదిరేది కాదు. అది పెద్ద చెక్కపెట్టె. ముందు ఇత్తడి కట్టు వేసిన అద్దం, వెనక తలమీద కప్పుకునే నల్లగుడ్డ. దాన్ని నిలబెట్టే ముక్కాలి స్టాండు వేరు, గాజు పలకల పెట్టె వేరు. నల్లగొండ మిషన్ బంగళాలో ఉండిన ఒక దొర, తన దేశానికి వెళ్లిపోతూ, తన దగ్గర ఫోటోపని నేర్చుకున్న ఆయనకు దాన్ని ఇచ్చి పోయాడట. నేను కాపురానికి వచ్చేనాటికి ఊళ్లో ఆయనకు మంచి పేరే ఉంది. వకీళ్లు, పట్వారీలు, కొత్తగా పెళ్లయినవాళ్లు మా వాకిట్లో కుర్చీ వేయించుకొని కూర్చునేవారు. కదిలితే బొమ్మ చెడుతుందని ఆయన చెబితే రాళ్లలా బిగుసుకుపోయేవారు.

ఆయన మనసు మాత్రం ఆ కుర్చీ మీద ఉండేది కాదు. పాలమూరు మీద ఉండేది.

ఆయన తల్లిదండ్రులది అటువైపు ఊరు. సొంత భూమి లేదు. యాసంగి పనులు అయిపోగానే మేస్త్రీ వెంట గుంపుగా మట్టిపనికి పోయేవారు. చెరువుకట్ట అంటే కట్ట, కాలువ అంటే కాలువ. అట్లా పోయిన ఒక చోట ఆయన తల్లి జ్వరంతో చనిపోయింది. ఆమెను అక్కడే పూడ్చి, మిగిలిన గుంపు పని పూర్తిచేసి వచ్చిందట. అప్పుడు ఆయన ఊళ్లో నాయనమ్మ దగ్గర ఉన్నాడు. తర్వాత మా మామ, అంటే ఆయన తండ్రి, కొడుకును వెంటబెట్టుకొని రోడ్డుపనికి నల్లగొండ వచ్చి, క్రైస్తవంలో కలిసి ఇక్కడే ఉండిపోయాడు. మా ఆయనకు తల్లి చెయ్యి గుర్తుంది, ఆమె కట్టుకున్న చీర అంచు గుర్తుంది, ముఖం మాత్రం గుర్తు లేదు. ఈ సంగతి పెళ్లయిన ఏడాది నాతో ఒక్కసారి చెప్పాడు. పనికి పోయేవాళ్లు ఊరు దాటకముందే వాళ్ల ఫోటో తీసి, ఇంట్లో మిగిలినవాళ్ల చేతిలో పెట్టాలని ఆయన కోరిక.

ఒకసారి ఆ చెక్కపెట్టెతోనే బయలుదేరాం. దేవరకొండ దాటాక దారి అంతా రాళ్లూ గుండ్లూ. బండి ఎత్తేసినప్పుడల్లా ఆయన పలకల పెట్టెను ఒళ్లో పెట్టుకొని పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. మేము చేరేసరికి గుంపు వెళ్లిపోయి ఉంది. ఊళ్లో ముసలివాళ్లు, పిల్లలు, మేకలు. పెట్టె తెరిచి చూస్తే గాజు పలకల్లో సగం పగిలి ఉన్నాయి. ఆయన పగిలిన ముక్కలను దారిన పోయేవాళ్ల కాళ్లకు గుచ్చుకోకుండా గుంత తీసి పూడ్చి, బండిని తిప్పమన్నాడు.

ఆ చలికాలం ఆయనకు దగ్గు మొదలైంది. మొదట ఫోటో మందుల వాసన వల్ల అనుకున్నాం. ఫోటోలు కడిగే గది మా ఇంట్లో ధాన్యం పోసుకునే అర్ర. దానికి కిటికీ లేదు. తర్వాత రుమాలు మీద ఎరుపు కనిపించింది. మిషన్ దవాఖాన డాక్టరమ్మ ఆయన ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. బరువు ఎత్తవద్దని, పాలు గుడ్లు తినమని, గాలి తగిలే చోట పడుకోమని చెప్పింది. నన్ను పక్కకు పిలిచి క్షయ అని చెప్పింది. ఆ మాట ఇంట్లో మేమిద్దరం ఎప్పుడూ అనలేదు.

ఇంటికి వచ్చి మూడు పూటలు మంచం మీద పడుకొని లేచాక ఆయన పట్నం పోదామన్నాడు. పెద్ద కెమెరాను ఇచ్చేసి తేలికైనది తెచ్చుకుందామని.

హైదరాబాద్‌లో ఆ దుకాణం అద్దాల బీరువాలతో చల్లగా ఉంది. దుకాణదారు పెద్దాయన, ఉర్దూలో మెల్లగా మాట్లాడేవాడు. మా చెక్కపెట్టెను చూసి, ఇంత మంచి వస్తువును ఎందుకు వదులుకుంటున్నారని అడిగాడు. మా ఆయన నవ్వి, ఇది నన్ను మోయదు, నేనే దీన్ని మోయాలి కదా అన్నాడు. దుకాణం ముందున్న రెండు మెట్లు ఎక్కినందుకే ఆయనకు ఊపిరి అందడం లేదు.

పెద్దాయన మూడు రకాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి అట్టపెట్టెలాంటి డబ్బా కెమెరా. చేతిలో ఉందో లేదో తెలియనంత తేలిక. అయితే దానికి ఉన్నది ఒకటే చూపు. దగ్గరి మనిషికీ దూరపు గుట్టకూ తేడా తెలియదు. నీడలో నిలబడ్డవాళ్లు దానికి కనిపించరు. ముఖం కావాలి నాకు అని మా ఆయన దాన్ని పక్కకు జరిపాడు.

రెండోది జర్మనీ నుంచి వచ్చిన చిన్న కెమెరా. సినిమా ఫిలింలాంటి సన్నటి ఫిలిం వేస్తారు. అరచేతిలో ఒదుగుతుంది. మా ఆయన దాన్ని చేతిలోకి తీసుకున్నాక చాలాసేపు దించలేదు. మీట నొక్కితే వచ్చే చప్పుడును చెవి దగ్గర పెట్టుకొని విన్నాడు. దాని మీద ఆయనకు ఎంత ఆశ కలిగిందో నాకు తెలుస్తూనే ఉంది. కాసేపటికి మెత్తటి గుడ్డతో తుడిచి తిరిగి ఇచ్చాడు. అందులో పడే బొమ్మ తపాలా బిళ్లంత ఉంటుంది. పెద్దది చేయాలంటే కరెంటుతో నడిచే యంత్రం కావాలి. మా ఇంట్లో ఉన్నది కిరసనాయిలు దీపం.

మూడోది మడత కెమెరా. మూసి ఉంటే లావుపాటి బైబిలంత ఉంది. తలుపులా తెరిస్తే నల్లటి తోలుతిత్తి ముందుకు సాగి అద్దం బయటికి వస్తుంది. ఫిలిం చుట్టకు ఎనిమిది బొమ్మలు. ఒక్కో బొమ్మ అరచేయంత. దాన్ని అట్లాగే కాగితానికి ఆనించి ఎండలో పెడితే ఫోటో దిగుతుంది. వేరే యంత్రం అక్కరలేదు. మా ఊళ్లో ఎండకు కొదవ లేదు.

ఆయన మూడింటినీ ఒకటొకటిగా నా చేతికి కూడా ఇచ్చాడు. ఈ మడత కెమెరానైతే మళ్లీ మళ్లీ పట్టుకోమన్నాడు. తెరువు అన్నాడు, మూయి అన్నాడు, మెడకు వేసుకొని అటూ ఇటూ నడువు అన్నాడు. దుకాణదారు ముందు సిగ్గుతో చచ్చిపోయాను. ఆడమనిషితో ఇదేమి ఆట అనుకున్నాడేమో, ఆ పెద్దాయన తలతిప్పి బీరువా సర్దుకుంటూ నిలబడ్డాడు. చివరికి మా ఆయన అదే తీసుకున్నాడు. పాతదాన్ని అప్పగించేటప్పుడు దాని ఇత్తడి కట్టును పంచె కొంగుతో ఒకసారి తుడిచాడు.

తిరుగు బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. కెమెరా నా ఒళ్లో ఉంది. దుకాణంలో నన్ను అట్లా ఎందుకు తిప్పావని అడిగాను. ఆయన బయటికి చూస్తూనే చెప్పాడు.

"నేనెన్నాళ్లు మోస్తనే? ఇగ మోసేది నువ్వే. నీ వేలు ఆ మీటకు అందుతాందా లేదా అని సూసిన."

"గట్ల మాట్లాడకు," అన్నాను.

"మాట్లాడకుంటే ఎట్ల? నేర్చుకోవాలె గద."

చౌటుప్పల్ దగ్గర బస్సు ఆగినప్పుడు ఆయన దిగి నాకు జామపండ్లు కొని తెచ్చాడు. నేను తినలేకపోయాను.

నేర్పడం మర్నాడే మొదలుపెట్టాడు. ఫిలిం వేయకుండా ఖాళీ కెమెరాతోనే నేర్పాడు. మనిషి ఎంత దూరంలో ఉన్నాడో అడుగులు వేసి కొలిచి, అద్దం చుట్టూ ఉన్న పట్టీని తిప్పాలి. నేలమీద నీడ ఎంత నల్లగా ఉందో చూసి వెలుతురును లెక్కకట్టాలి. పైన ఉన్న చిన్న అద్దంలో లోకం తారుమారుగా కనిపించేది. కుడికి పోయేవాడు ఎడమకు పోయేవాడు. నాకు తల తిరిగేది. నేను మిషన్ బడిలో ఐదు దాకా చదివాను. ఆ చదువులో కూడా ఇంత ఓపికగా ఎవరూ చెప్పలేదు. నా చేయి కదిలితే ఆయన కోపగించుకోలేదు. ఊపిరి బిగపట్టి నొక్కితే చేయి కదలదని చెప్పాడు. తాను చేసి చూపించబోయి దగ్గు వచ్చి ఆగిపోయాడు.

మొదటి ఫిలిం వేసిన రోజు, మొదటి బొమ్మ ఆయనదే తీశాను. పానగల్లు గుడి చూపిస్తానని తీసుకుపోయాడు. రాతి స్తంభాల మీద చెక్కిన బొమ్మలను తీయమన్నాడు. నా మీద ఫిలిం ఖర్చుపెట్టకు అంటూనే స్తంభం పక్కన నిలబడి చెయ్యెత్తి ఏదో సరిచేయబోయాడు. అప్పుడే నొక్కేశాను. ఆ ఫోటోలో ఆయన నోరు తెరిచి ఉంది, చేయి గాలిలో ఉంది. ఏం చెబుతున్నాడని చూసినవాళ్లు అడుగుతారు. ఊపిరి బిగపట్టమని నాకు చెబుతున్నాడు.

జొన్నకోతలు అయ్యాక పాలమూరు పోయాం. దేవరకొండ దాకా బస్సు, ఆపైన బండి. కల్వకుర్తి దాటిన తర్వాత ఒక ఊళ్లో గుంపు బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. గంపలు, పారలు, గిన్నెలు, గోనెసంచుల్లో జొన్నలు. ఫోటో అనగానే అందరూ వెనక్కి జరిగారు. దాంట్లోకి చూస్తే ఆయుష్షు తగ్గుతుందని ఒకాయన అన్నాడు. మా ఆయన వాదించలేదు. అరుగుమీద కూర్చొని, ఆగి ఆగి, తన తల్లి సంగతి చెప్పాడు. నాతో ఒక్కసారి చెప్పినదాన్ని ఇంతమంది ముందు చెబుతుంటే నేను నేలచూపులు చూస్తూ నిలబడ్డాను.

చివరికి ఒక అవ్వ తన కొడుకును, కోడలిని చెయ్యిపట్టుకొని ముందుకు తెచ్చింది. నా కొడుకుది తియ్యి నాయినా, వాడు ఒక్కడే నాకు అన్నది. కోడలికి అప్పటికే నెలలు నిండుతున్నాయి. మా ఆయన కెమెరా తెరిచి, అడుగులు కొలిచి, పైనున్న చిన్న అద్దంలోకి చూశాడు. దగ్గు తెర వచ్చింది. ఆగి, మళ్లీ ఎత్తాడు. మళ్లీ వచ్చింది. అప్పుడు కెమెరాను మెడలోంచి తీసి నా మెడలో వేశాడు.

"నువ్వు తియ్యి. నేను ఈడ కూసుంట."

ఆ పొద్దు నేను వెంట తెచ్చిన రెండు ఫిలిం చుట్టలూ అయిపోయేదాకా తీశాను. ఆయన రాయిమీద కూర్చొని, వచ్చినవాళ్లను వరుసలో నిలబెట్టి, తలగుడ్డలు సర్దుకోమని చెబుతూ ఉన్నాడు. గుంపు కదిలి గుట్ట మలుపు తిరిగేదాకా ఆ రాయి మీదనే ఉన్నాడు. ఆయన ముఖం అంత తేటగా ఉండగా నేను మళ్లీ చూడలేదు.

ఫోటోలు మా డాబా మీద ఎండలో దిగాయి. అటు వెళ్లే సువార్తికుడి చేతికిచ్చి పంపాం. ఎవరిది ఏ ఇల్లో మా ఆయన మంచం మీద పడుకొనే చెబుతుంటే నేను వెనకవైపు రాశాను. వానలు పట్టిన తర్వాత ఆయన లేవలేదు. ఒక మధ్యాహ్నం నీళ్లు అడిగాడు. నేను చెంబు ముంచుకొని వచ్చేసరికి పోయాడు.

మరుసటి ఏడు, మళ్లీ అదే కోతల కాలంలో, నేను ఒక్కదాన్నే బయలుదేరాను. మా అన్న వద్దన్నాడు. మొగుడు పోయి ఏడాది కాలేదు, ఒంటరిగా ఊళ్లు తిరిగితే జనం ఏమనుకుంటారన్నాడు. నేను కెమెరా మెడలో వేసుకొని బస్సెక్కాను.

ఆ ఊళ్లో అవ్వ నన్ను గొంతు విని గుర్తుపట్టింది. కళ్లలో పువ్వులు పూసి ఆమెకు చూపు పోయింది. కొడుకు రాలేదు. పనిచోట గత్తర, అదే కలరా, వచ్చి, వాంతులతో ఒక్క పూటలో పోయాడు. కోడలు ఒక్కతే పిల్లను చంకనేసుకొని తిరిగొచ్చింది. అవ్వ లోపలికి పోయి పాత రుమాలులో చుట్టిన ఫోటోను తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నాకు కండ్లు కనవడుతలేవు బిడ్డా. నా కొడుకు ఎట్లున్నడో జర చెప్పు."

నేను ఫోటోను వెలుతురుకు పట్టుకొని చెప్పాను. తలకు తువ్వాల చుట్టుకున్నాడని, భుజం మీద పార ఉందని, పక్కన నిలబడ్డ భార్య కొంగు గాలికి లేచి అతని మోచేతి మీద పడిందని.

"నవ్వుతుండా?"

"నవ్వుతలేడవ్వా. నీ దిక్కే సూస్తుండు."

అది నిజం. ఆ పొద్దు అవ్వ నా భుజం పక్కనే నిలబడి ఉంది. అతను కెమెరాను చూడలేదు. అవ్వ తల ఊపింది. ఇంకోసారి చెప్పమంది. చెప్పాను. కోడలు గడప దగ్గర నిలబడి వింటూ ఉంది.

ఆ కోడలు కూడా మర్నాడు గుంపు వెంట పోతోంది. పిల్లను అవ్వ దగ్గర వదిలి పోవాలి. నన్ను అడగలేక అడిగింది. తల్లీబిడ్డలిద్దరిదీ కలిపి తీశాను. పిల్ల తల్లి మెడలోని పూసల్ని నోట్లో పెట్టుకుంది.

తర్వాత, అప్పటికే జర్మనీతో మొదలైన యుద్ధం ముదిరింది. విదేశీ సరుకు రావడం తగ్గింది. పట్నం దుకాణం పెద్దాయన ఒకసారి తన దగ్గర మిగిలిన పాత చుట్టలు ఇచ్చాడు. వాటితో ఇంకో కోతల కాలం గడిచింది. ఆపైన దుకాణంలో కూడా లేవు. కాగితం దొరకలేదు, మందులు దొరకలేదు. నేను మిషన్ దవాఖానలో ఆయాగా చేరాను. కెమెరాను అప్పుడప్పుడు తెరిచి తోలుకు నూనె రాసి మూసేదాన్ని.

పనికి పోయే గుంపులు మాత్రం ఆగలేదు. కొన్ని మా నల్లగొండ మీదుగానే పోయేవి. ఫోటో తీసే అమ్మ ఇల్లు ఏదని అడుగుతూ ఆడవాళ్లు మా వాకిట్లోకి వచ్చేవారు. అరుగు మీద కూర్చొని, ముఖం కడుక్కొని, తల దువ్వుకొని సిద్ధమయ్యేవారు. ఫిలిం వస్తలేదమ్మా, యుద్ధం అయినంక రాండ్రి అని చెప్పేదాన్ని. వాళ్లు నమ్మలేనట్టు కాసేపు నిలబడేవారు. మజ్జిగ ఇస్తే తాగి, గంపలు తలకెత్తుకొని, వచ్చిన దారినే రోడ్డు మీదికి నడిచిపోయేవారు.