కౌంటుగారి రాతి ముక్కు

కౌంటు బుదిస్లావ్‌కి తన ముక్కు నచ్చదు. మొహం మీది ముక్కు కాదు, దానితో ఆయనకు ఏ పేచీ లేదు. బతికుండగానే కోట చర్చిలో చెక్కించుకుంటున్న సమాధి మీద వెల్లకిలా పడుకున్న రాతి కౌంటు ఉన్నాడే, వాడి ముక్కు. మూడు నెలల్లో అయిపోవాల్సిన పని పదకొండేళ్ళుగా సాగుతోంది.

"ఇది నా ముక్కేనా, ప్రిప్కో?" అని వారానికోసారి వచ్చి ముసలి శిల్పిని నిలదీసేవాడు.

"మీదే దొరా. పోయిన వారం మీరే సరేనన్నారు."

"పోయిన వారం నాకు జలుబు. ఇప్పుడు తగ్గింది. రేపు తీర్పు రోజున చచ్చినవాళ్ళను లేపడానికి దేవదూత వచ్చి, బొమ్మకీ మనిషికీ పోలిక కుదరక పక్క సమాధిలోని మా మేనమామను లేపుకుపోతే? ఆయన అసలే అబద్ధాలకోరు. నా పేరు చెప్పుకుని దర్జాగా స్వర్గానికి పోతాడు!"

ప్రిప్కో నిట్టూర్చి ఉలి అందుకునేవాడు.

రాతితో చిక్కేమిటంటే, తగ్గించగలం గానీ పెంచలేం. ముక్కు తగ్గిస్తే బుగ్గలు ఎత్తుగా కనిపించేవి. బుగ్గలు తీస్తే భుజాలు ఎక్కువయ్యేవి. రాతి కౌంటు ఏటేటా చిక్కిపోతుంటే, అసలు కౌంటు అత్తిపళ్ళూ పొగబెట్టిన పందిమాంసమూ తిని ఏటేటా ఒళ్ళు చేస్తున్నాడు. కొత్తగా వచ్చిన పాదిరీ ఆ బొమ్మను చూసి, "పాపం, ఏ జబ్బుతో పోయారు?" అని దొరసానిని పరామర్శించాడు కూడా.

దొరసాని మార్గరీతకు ఇదంతా నవ్వులాటగా లేదు. కూతురు దోబ్రిలా పెళ్ళి పక్షం రోజుల్లోకి వచ్చింది. జరగాల్సింది ఆ చర్చిలోనే. చర్చి నిండా రాతిపొడి.

"ఏమండీ, వియ్యాలవారు ఆ రాళ్ళగుట్టల్లో ఎక్కడ నిలబడతారు? పిల్ల పెళ్ళిబట్టలు పిండిమరలో దొర్లినట్టవుతాయి. మీకు ముక్కు ముఖ్యమా, పిల్ల ముఖ్యమా?"

"పిల్లకేమే, దాని ముక్కు బాగానే ఉంది."

ఈయనతో లాభం లేదని ఆమె నేరుగా చర్చికి వెళ్ళింది. "ప్రిప్కో, శనివారానికి పని ముగించు. ఇది నా మాట."

ముసలాయన వాదించలేదు. "చిత్తం అమ్మగారూ. ఇంక చెక్కడానికి ఏం లేదు. మరో దెబ్బ వేస్తే దొరగారు పోయి కింద రాతి దుప్పటి మిగులుతుంది. శనివారం నా గుర్తు చెక్కేస్తాను."

రాతిపనివాళ్ళ ఆచారం అది. పని ముగిశాక రాతి అంచున తన గుర్తు చెక్కాలి, యజమానితో ఒకే బల్ల దగ్గర భోంచెయ్యాలి, పొద్దు వాలేలోగా ఇల్లు విడవాలి. గుర్తు పడ్డాక మర్నాడు ఆ ఇంట ముద్ద ముట్టరు.

"ఎక్కడికి వెళ్తావు?" అని మాటవరసకు అడిగింది మార్గరీత.

"మా ఊరు తురుష్కులు తగలబెట్టేశారు కదమ్మా. ఏముంది, దారి ఎటు పోతే అటు."

ఆ మాట అని ముసలాయన ఉలి తుడుచుకోసాగాడు.

ఇంట్లో కౌంటు ముందు మాంసం పళ్ళెం ముట్టకుండా ఉంది. పెళ్ళయిన పాతికేళ్ళలో అలాంటిది ఆమె ఎరగదు.

"శనివారమట కదా," అన్నాడు. "ఆ ముక్కు మొదటి వేసవిలోనే అచ్చుగుద్దినట్టు వచ్చిందే. బాగుందన్నానంటే గుర్తు చెక్కేసి పోతాడు. ఎక్కడికి పోతాడు చెప్పు?"

"ఊరికే ఉండమనొచ్చుగా! ఇంత కోటలో ఓ ముసలాయనకి గంజి పొయ్యలేమా?"

"నువ్వే అని చూడు. ఆ మధ్య నడుం పట్టేసి పడుకున్నాడా? పని చెయ్యంది తిననని రెండు రోజులు పస్తున్నాడు. అప్పుడే కదూ నా చెవులు ఎగుడుదిగుడుగా ఉన్నాయని గోల చేశాను! నన్ను తిట్టుకుంటూ కూర్చునే కాస్త గీకి, రెండు గిన్నెల చారు తాగాడు. ఇప్పుడేం చెయ్యను? రాయి అయిపోయింది."

పదకొండేళ్ళుగా ఈ మనిషిని వట్టి చాదస్తుడనుకున్నందుకు మార్గరీతకు సిగ్గేసింది. ఆయన మీద ప్రేమా పొంగుకొచ్చింది. ఏమనాలో తోచక, "ముందు అన్నం తినండి," అని కసిరింది.

శనివారం ప్రిప్కో రాతి అంచున ఉలి ఆనించాడో లేదో, దొరసాని గబగబా వచ్చింది. వెనకే కౌంటు.

"ఆగు! పని ఎక్కడయింది?"

"ఇంక రాయి లేదమ్మా."

"మరి ఆయన పక్కన నేనేదీ? దేవదూత ఈయన్నొక్కణ్ణే తీసుకుపోతే, పైన ఈయన చొక్కా ఎక్కడుందో ఎవరు వెతికిస్తారు? కొత్త రాయి తెప్పిస్తున్నాను. పెళ్ళయ్యేదాకా బయట ఆలివ్ చెట్ల కింద చెక్కు. చెప్పడం మరిచాను, నేను ఈయనలా సర్దుకుపోయే మనిషిని కాను."

"పెద్ద రాయే తెప్పించాలోయ్," అన్నాడు కౌంటు ప్రిప్కోతో. "పక్కలో ముప్పాతిక ఆవిడదే."

ప్రిప్కో ఆయన వంక చూశాడు, ఆమె వంక చూశాడు. తర్వాత ఉలి సంచిలో పెట్టేసి, మెడ అటూ ఇటూ వంచి దొరసాని మొహం పరీక్షించాడు.

"మీరు నవ్వితే ఒకలా ఉంటారు, కోప్పడితే ఒకలా ఉంటారమ్మా. రెండూ పట్టుకోవాలంటే పదేళ్ళకు తక్కువ కాదు."