మూడు గళ్ల కాగితం

మా వదినకి ఒకటే జబ్బు, ఎందుకూ అని అడగడం. మందుల షాపువాడు "తిన్నాక వేసుకోండి" అంటే, "ముందేసుకుంటే ఏమవుతుంది?" అని వెనకాల వరసంతా ఆపేస్తుంది. చెప్పుల ఫ్యాక్టరీలో అడుగులు కోసే ప్రెస్సు మీద పంతొమ్మిదేళ్లుగా పనిచేస్తోంది. ఆవిడ ఆడపడుచుని నేను. పక్క ప్రెస్సూ పక్కిల్లూ నావే, కాబట్టి ఆ నస ఇంటా బయటా నాకే.

ఆ సోమవారం సూపర్‌వైజరు ఇంగ్లీషు కాగితాలు పంచాడు. ఒక్కోదాంట్లో మూడు గళ్లు: ఐ నో, ఐ అండర్‌స్టాండ్, ఐ రియలైజ్. మెషీను సంగతి తెలుసు, అర్థమైంది, ప్రమాదం గ్రహించాను అని. మధ్యాహ్నం పన్నెండింటి బెల్లులోగా మూడింటికీ టిక్కు పెట్టనివాళ్లు ఇంటికే. నేను చదవకుండానే గీకి పారేశాను.

వదిన మొదటి గడి నింపి ఆగింది.

"అన్నీ ఒకటేనమ్మా, కానియ్యి," అన్నాడు సూపర్‌వైజరు.

"ఒకటే అయితే మూడెందుకు రాశారు సార్? పెడలు మీంచి కాలు తీశాక కూడా పైనున్న ఇనప దిమ్మ కాస్త జారుతుంది. అది తెలుసు. అందుకే ఒకటీ రెండూ అని లెక్కపెట్టి చెయ్యి పెడతాను. ఎందుకు జారుతుందో అర్థం కాలేదు. కానిదాన్ని అయిందని ఎలా రాసేది?"

నాకు ఒళ్లు మండింది. అన్నయ్య నడుం విరిగి మంచంలో ఉన్నాడు. ఈవిడ పని పోతే ఆ ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవదు. పదకొండున్నర. కూర్చోలేను, నిలబడలేను. పదకొండూ ముప్పావు.

"నీ చాదస్తం తగలెయ్య! రాసెయ్ వదినా!"

"నువ్వు గడియారం చూస్తూ ఉండు," అని వెళ్లి మెకానిక్కుని లాక్కొచ్చింది.

గొణుక్కుంటూ వచ్చినవాడు వదిన ప్రెస్సు మూత తీసి లోపలికి వంగి చూశాడు. "బ్రేకు పట్టీ అరిగిపోయిందమ్మా. ఏదో ఒకరోజు పెడలు తొక్కకుండానే దిమ్మ పడిపోతుంది."

"ఇప్పుడర్థమైంది," అని వదిన రెండో గడి నింపింది. మూడోది నింపకుండా నా ప్రెస్సు వైపు చెయ్యి చూపించింది. "అదీ తెరువు నాయనా."

తెరిచాడు. "ఇందులో అసలు పట్టీయే మిగల్లేదు."

సూపర్‌వైజరు పరుగున వెళ్లి కరెంటు ఆపాడు. కాగితాలన్నీ వెనక్కి తీసేసుకున్నాడు. వదినని ఇంటికి పంపే మాట మళ్లీ ఎత్తలేదు.

దిమ్మ జారుతుందని నాకూ తెలుసు. వదిన రోజూ చెప్పేది. ఏనాడూ రెండు లెక్కపెట్టిన పాపాన పోలేదు. పొద్దున్నే మూడో గడిలో టిక్కు పెట్టినదాన్ని, ఆ దిమ్మ కింద రోజూ పెట్టే చేతుల్ని అప్పుడు చూసుకున్నాను.

వదిన వచ్చి నా రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.