లచ్చన్న మటన్, పచ్చి బొప్పాయి

2020 లాక్‌డౌన్ పడేముందు, గల్ఫ్‌లోని సజ్జా లేబర్ క్యాంపు వంటమనిషి చివరి విమానమెక్కి ఊరెళ్లిపోయాడు. కాంక్రీటుకు చెక్క అచ్చులు బిగించే షట్టరింగ్ కార్పెంటర్ లచ్చన్న చేతికి గరిటె వచ్చింది. జగిత్యాల దగ్గరి తమ పల్లెలో పెళ్లిళ్లకు వండానని ఆయనే చెప్పుకున్నాడు. నిజానికి ఆ పెళ్లిళ్లలో ఆయన కోసింది ఉల్లిగడ్డలే. అయినా అన్నం, పప్పు గట్టెక్కించాడు. మటన్ దగ్గరే పరువు పోయేది. ఐసు కట్టిన ముదురు మాంసం ఎంత ఉడికించినా తోలులా సాగేది.

“అన్నా, ఇది నమిలేసరికి డ్యూటీ బస్సు పోతది,” అన్నాడు ఒక శుక్రవారం స్టోర్‌కీపర్ రాజశేఖర్. కరీంనగర్‌లో బయోకెమిస్ట్రీ చదివి, ఇక్కడ సిమెంటు బస్తాల మధ్య పడ్డ మనిషి. చదివింది ఎవరికైనా చెప్పాలని నాలుక దురద. “పచ్చి బొప్పాయి నూరి పట్టియ్యి. అందుల ఎంజైమ్ ఉంటది. మాంసంల ప్రొటీన్ గొలుసులను కత్తెర లెక్క తెంపుతది. అది లేకుంటే ఏండ్లు పట్టే పని, గంటల అయిపోతది.”

“తెంపి తెంపి అరిగిపోదారా?”

“పోదు. ఒకటి తెంపి ఇంకోదాని మీదికి పోతది. అందుకే చెంచాడు చాలు.”

చెంచాడే వేశాడు. మటన్ వెన్నలా విడిపోయింది. క్యాంపంతా లచ్చన్న పేరే. పొగడ్త ఆయన తలకెక్కింది. చెంచాడుకే ఇంత పేరొస్తే కాయకెంత రావాలి! ముదీర్, అంటే కంపెనీ మేనేజరు, భోజనానికి వస్తున్నాడని తెలిసి, ముందురోజే రెండు కాయలు నూరి పట్టించాడు.

తెల్లారి మూత తీస్తే ముక్కల్లేవు. బొమికలు, వాటి చుట్టూ గుజ్జు.

“రాజశేఖరా! మటన్ ఎవడో ఎత్కపోయిండ్రా!”

రాజశేఖర్ గిన్నెలోకి తొంగిచూశాడు. “ఎవ్వడు ఎత్కపోలే. నీ బొప్పాయే తెంపుకుంట కూసున్నది. మంట తగిల్తెనే ఆ ఎంజైమ్ చెడిపోయి ఆగుతది. జల్దీ పొయ్యి మీద పెట్టు, లేకుంటే ఈ గుజ్జు గూడ మిగలది!”

లచ్చన్న బొమికలు ఏరి, గోధుమరవ్వ, పప్పు, నెయ్యి, మసాలా దట్టించి, చెమటలు కారేదాకా కలియబెట్టాడు. మధ్యాహ్నం ముదీర్ ఖాదర్ హుస్సేన్ ఒక ముద్ద తిని కళ్లు మూసుకున్నాడు. ఆయనది హైదరాబాద్ పాతబస్తీ.

“అరే వా! హలీం! ఎట్ల చేసినవ్ లచ్చన్నా?”

“నిన్నటి నుంచే తయారీ సార్,” అన్నాడు లచ్చన్న గంభీరంగా. రాజశేఖర్‌కు తాగుతున్న నీళ్లు పొలమారాయి.

రంజాన్ రాగానే ముదీర్ కబురంపాడు: క్యాంపందరికీ అదే హలీం కావాలని. లచ్చన్న పరుగున స్టోర్‌కు వెళ్లాడు.

“తమ్మీ, అప్పుడు పొరపాటున చెడిపోయింది. ఇప్పుడు కావాలని చెడగొట్టాలె. ఎట్లనో చెప్పు.”