పసుపు బోర్డు

విజయనగరంలో ప్యాసింజర్ రైలెక్కాను. కిటికీ పక్కన కూర్చున్న పెద్దావిడ ప్రతి స్టేషన్‌లోనూ పసుపు బోర్డు మీది అక్షరాలను గట్టిగా పలుకుతోంది. సగంలో ఉండగానే రైలు కదిలిపోయేది.

"మా కోడలు సదువు నేర్పుతన్నాది బాబూ. ఒక్కో అచ్చరమూ పైకి పలకాలంట. పలుకులన్నీ కలిపితే పేరు అదే వస్తాదంట," అంది నాతో. తర్వాత పెట్టె మొత్తానికి వినబడేలా, "పేరు ఎవులూ సెప్పొద్దు!" అని హెచ్చరించింది.

మా అనంతపురంలో అయితే ఎవరో ఒకరు అందించేసేవాళ్లు. ఇక్కడ ముక్కూ మొహం తెలియనివాళ్లంతా ఆమె మాటకు కట్టుబడి నోరు మూసుకున్నారు. నేనొకసారి నోరు తెరవబోతే ఎదుటాయన, "ఊరుకోండి, ఆవిణ్ణి సదవనీండి," అని కసిరాడు.

మళ్లీ రైలు ఆగింది. అందరం ఊపిరి బిగబట్టాం.

"కో... ట... బొ... మ్మా..." రైలు కదిలింది. ఆమె మెడ చాచింది. "ళి! కోటబొమ్మాళి!"

పెట్టెంతా చప్పట్లు, కేకలు. నేనైతే ఈల వేశాను.

"ఇంతకీ ఎక్కడ దిగాలమ్మా?" అన్నాడు ఎదుటాయన.

ఆమె నుదురు కొట్టుకుంది. "ఓలమ్మో, అదే మా ఊరు!"

చప్పట్లు ఠక్కున ఆగిపోయాయి. రైలు వేగం అందుకుంది. ఆమె మాత్రం పకపకా నవ్వి, కిటికీ వైపు తిరిగింది.

"పోనీండి. ఎదర టేసను పేరు కూడా సదివీసే దిగుతాను. ఎవులూ సెప్పొద్దు!"