కర్పూరం ఆర్పిన చెయ్యి

వేలూరు దగ్గర గుడియాత్తం బజారులో నాది పూజాసామాన్ల అంగడి. టెంకాయలు, పసుపు, కుంకుమ, ఊదువత్తులు, కర్పూరం అమ్ముకుంటాను. పక్క అంగడి చెంగల్రాయలిది. అతను కంప్యూటర్లు బిగించి అమ్మేవాడు. ఈ రెండు అంగళ్ళకీ సంబంధమేమిటంటారేమో. ఊళ్ళో గుళ్ళన్నీ కలిసి కొన్నంత కర్పూరం అతనొక్కడే నా దగ్గర కొన్నాడు. భక్తి వల్ల మాత్రం కాదు.

వాళ్ళది తరతరాలుగా ఇళ్ళు కట్టే కుటుంబం. తండ్రి మేస్త్రీ. గోడ వంకరపోతే తాపీ కాడతో కొడుకు వీపు మీద కొట్టేవాడు, తిన్నగా వస్తే ఇంతసేపు ఎందుకు పట్టిందని కొట్టేవాడు. మీసాలొచ్చిన ఏడాది చెంగల్రాయలు ఆ తాపీని లాక్కుని తండ్రి మోచేతి మీద ఒక్కటిచ్చి ఇల్లు వదిలి వచ్చేశాడు. ఆ ముసలాయన చచ్చేదాకా ఆ చెయ్యి చాచలేకపోయాడు. అది మహాపాపమని కొందరన్నారు, తిన్నది తిరిగిచ్చాడని కొందరన్నారు. నేను రెండో రకం. అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఆ దెబ్బతో అతని చెయ్యి రుచి మరిగింది.

టీవీలు బాగుచేసే అంగట్లో చేరి పని నేర్చుకున్నాడు. తొంభైల్లో ఢిల్లీలో ఏవో తలుపులు తెరిచారని పేపర్లో రాశారు. మాకు తెలిసిందల్లా, ఎన్నడూ చూడని సరుకు బజారులోకి వచ్చి పడింది. తోళ్ళ వ్యాపారులు, బీడీ కంపెనీలవాళ్ళు, టైపు నేర్పే ఇన్‌స్టిట్యూట్లవాళ్ళు అందరూ కంప్యూటర్ కావాలన్నారు. చెంగల్రాయలు టీవీలు వదిలి వీటి మీద పడ్డాడు.

విడిభాగాల కోసం వేలూరు పోయేవాడు. అక్కడ ఏడాదికి రెండుసార్లు ఒక కల్యాణమండపంలో కంప్యూటర్ ఎగ్జిబిషన్ పెట్టేవాళ్ళు. మేం దాన్ని సంత అనేవాళ్ళం, ఎందుకంటే అది సంతే. పెళ్ళిపీటలు వేసే వేదిక మీద మానిటర్లు, భోజనాల హాల్లో బల్లల నిండా హార్డ్‌డిస్కులు, మదర్‌బోర్డులు. చెన్నపట్నం నుంచి వచ్చినవాళ్ళు కూరగాయలు అమ్మినట్టు అరిచి అమ్మేవాళ్ళు.

మా వైపు ఒక ఆచారం ఉంది. మాట మీద నమ్మకం లేకపోతే గుడి ముందు కర్పూరం వెలిగించి, దాన్ని అరచేత్తో ఆర్పి ప్రమాణం చెయ్యమంటారు. అబద్ధంగా ఆర్పినవాడి వంశం నిలవదంటారు. చెంగల్రాయలు దీన్ని సంతకు పట్టుకుపోయాడు. బేరం కుదిరాక జేబులోంచి బిళ్ళ తీసి, అమ్మేవాడి బల్ల మీదే వెలిగించేవాడు.

"ఇది కొత్త సరుకే అని చెప్పి ఆర్పు నాయనా."

కొందరు నవ్వి ఆర్పేవాళ్ళు. కొందరు నిప్పు పెడుతున్నాడని గోల చేసేవాళ్ళు. వాళ్ళ దగ్గర కొనేవాడు కాదు.

"వారంటీ కాయితం ఇస్తారు గదప్పా, ఇదెందుకు?" అని ఒకసారి అడిగాను.

"కాయితం చింపితే చిరిగిపోతాది. చెయ్యి ఈడనే ఉండాది. రేపు పట్టుకోవాలన్నా దొరుకుతాది" అన్నాడు.

వంశం నాశనమయ్యేదాకా ఆగే ఓపిక అతనికి లేదని అప్పుడే అర్థమైంది నాకు.

సురేంద్రన్ అనే చెన్నపట్నం వ్యాపారి అలాగే ఆర్పి ఒక హార్డ్‌డిస్కు అమ్మాడు. అది పేర్ణాంబట్టులో ఒక చెప్పుల కంపెనీ ఆఫీసులో నెల తిరక్కుండా చచ్చింది. పైన అంటించిన చీటీ గోకితే కింద పాత చీటీ కనపడింది. వాడేసిన డిస్కుకు కొత్త చొక్కా తొడిగి అమ్మారు. చెంగల్రాయలు ఏమీ అనలేదు. తరువాతి సంత దాకా ఆగాడు. అతను మాట్లాడకుండా ఉండడం చూసి నాకు భయమేసి, అంగడి మూసి నేనూ వెంట వెళ్ళాను.

సురేంద్రన్ అతన్ని గుర్తుపట్టి నవ్వాడు. "సార్, ఆ డిస్కుకు వారంటీ అయిపోయింది" అన్నాడు.

"ఏ చేత్తో ఆర్పినావు?" అన్నాడు చెంగల్రాయలు.

ఆ మనిషి అలవాటుగా కుడిచెయ్యి కొంచెం ఎత్తాడు. ఆ చేతిని పట్టి బల్ల మీద పరిచి, పక్కనున్న ఇనప పవర్ సప్లై పెట్టెతో వేళ్ళ మీద కొట్టాడు చెంగల్రాయలు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. రెండోసారి కొట్టాడు. సురేంద్రన్ అరవడానికి నోరు తెరిస్తే ఆ నోటి మీద గుద్దాడు, ముందరి పళ్ళు ఊడి కీబోర్డుల మీద పడ్డాయి. అప్పుడు సురేంద్రన్ మనుషులు నలుగురు మడత కుర్చీలెత్తుకుని వచ్చారు. కుర్చీ అంచు తగిలి చెంగల్రాయలి తల చీలింది. నెత్తురు కళ్ళలోకి కారుతున్నా గుడ్డివాడిలా దొరికినవాణ్ణల్లా పట్టి కొడుతూనే ఉన్నాడు. నేను నడుము పట్టి లాగితే అతని మోచెయ్యి నా ముక్కుకు తగిలి నాదీ పగిలింది. సురేంద్రన్, అతను, నేను ముగ్గురం నెత్తురోడుతూ పెళ్ళిమండపం మెట్లు దిగాం. దొంగసరుకు బయటపడుతుందని సురేంద్రన్ పోలీసుల దగ్గర రాజీ పడ్డాడు. సంత నడిపేవాళ్ళు మాత్రం చెంగల్రాయలి ఫోటో గేటు దగ్గర అంటించి, ఈ మనిషిని రానియ్యకూడదని రాశారు.

అతని భార్య పచ్చయమ్మ పేర్ణాంబట్టు ఆడపిల్ల. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. తలకు కట్టుతో మొగుడు అంగడి తెరిచిన రోజు, ఆమె నా దగ్గరకొచ్చి ఒక బిళ్ళ తీసుకుని అంగడి మెట్టు మీద వెలిగించింది.

"ఇంక మనిషి మింద చెయ్యెత్తనని చెప్పి ఆర్పు" అంది.

"నేనా?"

"ఊరందరి చేతా ఆర్పిస్తివి గదా. నీ చెయ్యేమన్నా పూలతో చేసినారా?"

అతను నా వైపు చూశాడు. నేను టెంకాయలు సర్దుకుంటున్నాను.

"ఎత్తితే?" అన్నాడు.

"ఎత్తిన పొద్దే పేర్ణాంబట్టు బస్సెక్కుతా. మళ్ళీ ఈ మెట్టెక్కను."

అతను ఆర్పాడు. పచ్చయమ్మ అన్న మాట తప్పే మనిషి కాదని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. ఆమె లేకపోతే అతనికి ఇల్లు లేదు, అన్నం ముందు కూర్చోబెట్టేవాళ్ళు లేరు.

సంత తలుపు మూసుకుంది. అప్పటికి రెండువేల సంవత్సరం దాటింది. పచ్చయమ్మ తమ్ముడు కార్తిక్ వేలూరులో బ్రౌజింగ్ సెంటర్లో పనిచేసేవాడు. అతను బావకు కొత్తదారి చూపించాడు. ఇంటర్నెట్లో అంగళ్ళుంటాయి, బొమ్మ చూసి ఎంచుకుని బ్యాంకు డ్రాఫ్టు పంపిస్తే సరుకు కొరియర్లో ఇంటికే వస్తుంది.

"బొమ్మ ఉండాది, ధర ఉండాది. అమ్మేవాడు యాడ?" అన్నాడు చెంగల్రాయలు.

"అమ్మేవాడు కనపడడు బావా."

"మనిషే లేని అంగట్లో ఎవురి చేత కర్పూరం ఆర్పించేది? మోసం జరిగితే ఎవుర్ని తన్నేది?"

"అందుకే అది మంచిది" అంది పచ్చయమ్మ, అంగడి వెనకున్న ఇంట్లోంచి.

డ్రాఫ్టు పంపిన దగ్గర్నుంచీ అతను కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. నిజం చెప్పాలంటే పచ్చయమ్మకూ గుబులుగానే ఉండింది. చివరకు కొరియర్ తంగవేలు సైకిల్ మీద పెట్టె తెచ్చి ఇచ్చిపోయాడు. తంగవేలు బక్కమనిషి, కే.వి.కుప్పం నుంచి రోజూ వచ్చిపోయేవాడు. ఎండలో వస్తే నా అంగడి నీడన నిలబడి నీళ్ళు తాగేవాడు. పెట్టెలో మదర్‌బోర్డు ఉంది, బొమ్మలో చూసిందే. చెంగల్రాయలి ముఖం విచ్చుకుంది. దాన్ని బల్ల మీద పెట్టి, స్క్రూల కోసం ఇనప సామాన్ల అంగడికి పోయొచ్చాడు. వచ్చి బిగించి స్విచ్ వేశాడు.

టప్పుమని పేలింది. పొగ వచ్చింది. ఆ కాలిన వాసన నా అంగట్లో ఊదువత్తుల వాసనను కూడా మింగేసింది.

నేను పోయి చూశాను. చెంగల్రాయలు స్టూలు మీద కూర్చుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని ఉన్నాడు. చేతుల్ని తన బరువుతో తొక్కిపట్టుకున్నాడు. మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. ఓర్చుకుంటున్నాడు పాపం అనుకున్నాను. ఇంకాసేపు ఎవరూ రాకపోతే గండం గడిచేదేమో.

తంగవేలు వచ్చాడు. పొద్దున సంతకం తీసుకోవడం మర్చిపోయాడట.

"అణ్ణా, సరుకు బాగుగా అందిందని ఒక చేవ్రాలు పెట్టు" అని నవ్వుతూ చీటీ చాచాడు.

"బాగుగానా?" అన్నాడు చెంగల్రాయలు.

తొడల కింది నుంచి చేతులు బయటికొచ్చాయి. మొదటి దెబ్బ చెవి మీద పడింది. తంగవేలు సైకిల్‌తో సహా కూలబడ్డాడు. జుట్టు పట్టి లేపి తలను ఇనప షట్టర్‌కేసి కొట్టాడు. షట్టర్ మోగితే వీధిలో జనం తిరిగి చూశారు. "యాడుండాడు వాడు? చూపించు వాణ్ణి" అంటూ పక్కటెముకల్లో తన్నాడు. "తెలీదణ్ణా, నేను మోసేవాణ్ణి" అన్నాడు తంగవేలు. మళ్ళీ తన్నాడు. "వాడి పేరు చెప్పు" అని తన్నాడు. తెలియని పేరు ఎలా చెబుతాడు? చెవిలోంచి నెత్తురు సన్నగా కారి మెట్టు మీద, అదే మెట్టు మీద, మడుగు కట్టింది.

సురేంద్రన్‌ను కొట్టినప్పుడు నా మనసులో ఒక మూల సంతోషపడింది. ఆ మాట దాచను. ఇప్పుడు మాత్రం నాకు అసహ్యం వేసింది. ముఖం కనపడనివాడి మీద కోపం ముఖం ఉన్న పేదవాడి మీద తీర్చుకోవడం మగతనం కాదు, ఏమీ కాదు. నేనూ, ఎదురు టీ అంగడి అణ్ణామలై చెరో చెయ్యి పట్టుకున్నా అతను ఆగలేదు.

పచ్చయమ్మ పరిగెత్తుకొచ్చింది.

"నిలుపు. నేనే నీళ్ళు చల్లినా" అంది.

ఎత్తిన చెయ్యి పైనే ఆగింది.

సంతలో కొన్నవి అతను ఎప్పుడూ అక్కడే కంప్యూటర్ డబ్బాలో బిగించి, మూత వేశాకే ఇంటికి తెచ్చేవాడు. పచ్చయమ్మ ఆ ఇనప మూత మీద పసుపునీళ్ళు చల్లి, బొట్టు పెట్టి, హారతిచ్చేది. అతను స్క్రూలకు పోయినప్పుడు ఈ బోర్డు బల్ల మీద మూత లేకుండా పడుంది. ఎవరు అమ్మారో తెలియని వస్తువు, అందుకని మామూలు కంటే రెండు చేతులు ఎక్కువే చల్లింది. కొంగుతో పైపైన తుడిచింది. సందుల్లో చేరిన నీళ్ళు ఆమెకు కనపడలేదు.

"ఏ కండ్లు పడిన సరుకో అని బయపడి చల్లినా. అమ్మినోడు మంచోడే. తెచ్చినోడూ మంచోడే. కొట్టేది ఉంటే నన్ను కొట్టు" అంది.

చెంగల్రాయలి చెయ్యి దానంతటదే కిందికి జారింది. పచ్చయమ్మ ఇంక అతని వైపు చూడలేదు. తంగవేలును ఆటోలో పడుకోబెట్టి, తల ఒళ్ళో పెట్టుకుని ఆస్పత్రికి తీసుకుపోయింది. అక్కణ్ణుంచి అటే పేర్ణాంబట్టు బస్సెక్కింది.

తంగవేలుకు ఎడమ చెవి వినికిడి పోయింది. గొడవపడ్డాడని తెలిస్తే ఉద్యోగం ఊడుతుందని కేసు పెట్టలేదు. ఆస్పత్రి ఖర్చు చెంగల్రాయలే పెట్టుకున్నాడు. మామగారి గుమ్మం ముందు ఒక పగలంతా నిలబడ్డాడు కూడా. పచ్చయమ్మ బయటికి రాలేదు. చెప్పుల కంపెనీకి పైతోళ్ళు కుట్టే పనిలో చేరింది.

సంతలోకి రానివ్వరు గనక అతనికి ఇంటర్నెట్ అంగడే గతి. ఊరికి కొరియర్ తెచ్చేవాడు తంగవేలు ఒక్కడే. కట్లు విప్పాక మొదటి పెట్టెతో వచ్చినప్పుడు అతను మెట్టెక్కలేదు. వీధిలోనే సైకిల్ ఆపి, జేబులోంచి కర్పూరం తీసి మెట్టు చివర వెలిగించాడు.

"కొట్టనని చెప్పి ఆర్పణ్ణా. ఆర్పితేనే ఇస్తా."

బజారంతా చూస్తోంది. చేసుకున్నవాడికి చేసుకున్నంత అని అణ్ణామలై గట్టిగానే అన్నాడు. చెంగల్రాయలు వంగి ఆర్పాడు. తంగవేలు పెట్టెను చేతికివ్వకుండా మెట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు. అప్పట్నుంచీ ప్రతి పెట్టెకీ అంతే. మొదట్లో చూడ్డానికి జనం చేరేవాళ్ళు, తరవాత వాళ్ళకూ విసుగొచ్చింది. తంగవేలుకు మాత్రం భయం పోలేదు. సంగతి విని పచ్చయమ్మ కార్తిక్‌తో ఒకే మాట అందట, కర్పూరం లేకుండా తంగవేలు పెట్టె ఇచ్చినరోజు తిరిగొచ్చే సంగతి చూద్దామని.

ఇలా రెండేళ్ళు గడిచాయి. ఒకరోజు వాన దంచి కొడుతుంటే తంగవేలు తడిసి ముద్దయి వచ్చాడు. ఈ జేబు, ఆ జేబు తడిమాడు. కర్పూరం లేదు. వీధిలో ఎవరూ లేరు. పెట్టె తడిసిపోతోందని చెయ్యి బారెడు చాచి పట్టుకున్నాడు, కళ్ళు మాత్రం చెంగల్రాయలి చేతుల మీదే ఉన్నాయి.

అందుకుంటే చాలు. కర్పూరం లేకుండానే ఇచ్చాడని పేర్ణాంబట్టుకు కబురు పెట్టుకోవచ్చు. అబద్ధం కూడా కాదు. తీసుకో అప్పా, తీసుకో అని నేను లోపల్లోపల అనుకుంటున్నాను.

చెంగల్రాయలు పెట్టె వైపు చూశాడు, తంగవేలు కళ్ళ వైపు చూశాడు. వానలో తడుస్తూ నా అంగడికి వచ్చాడు.

"బలరామన్నా, ఒక బిళ్ళ ఇయ్యి."

మెట్టు మీద తానే వెలిగించాడు. తంగవేలుకు వినపడే కుడిచెవి వైపు జరిగి, "నీ మింద గానీ, ఎవురి మింద గానీ చెయ్యెత్తను తంగవేలూ" అని, మంట మీద అరచెయ్యి పెట్టి అది చచ్చేదాకా తియ్యలేదు. తంగవేలు రెండేళ్ళలో మొదటిసారి మెట్టెక్కి వచ్చి, పెట్టెను అతని చేతిలో పెట్టాడు.

మర్నాడు నేను పనిగట్టుకుని పేర్ణాంబట్టు పోయాను. పచ్చయమ్మ వసారాలో కూర్చుని తోలు కుడుతోంది. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె సూది ఆగలేదు.

"ఎవురు అడిగినారు ఆర్పమని?" అంది.

"ఎవురూ అడగలేదమ్మా."

దారం పంటితో కొరికి, కుట్టిన తోలు పక్కన పెట్టింది.

"గుడియాత్తం బస్సు ఎన్ని గంటలకు నాయనా?" అంది.